రెండు శాతం

డండీలో మా ఆఫీసు మూడో అంతస్తు.
కిటికీ అవతల టే నది, దాని మీద నిజం వాన.
ఇవతల నేను, నా తెర మీద
ఎవరినీ తడపని వాన.

నా ఉద్యోగం గాలి.
ఎవరడిగినా అలాగే చెబుతాను:
ఆన్‌లైన్ గోల్ఫ్ ఆటలో గాలి నేను రాస్తాను.
గంటకు పద్నాలుగు మైళ్లు, నైరుతి నుంచి,
ప్రతి బంతికీ అదే పద్నాలుగు, అదే నైరుతి,
ఫోటోకి నిలబడి
ఊపిరి బిగబట్టిన గాలి.

ఔలూ నుంచి ఈర్యా అనే ఆవిడ
మంచు కురిసినన్నాళ్లూ ఆడుతుంది.
మౌస్‌ని ఎంత వెనక్కి లాగాలో
ఆవిడ మణికట్టుకే తెలుసు.
పదకొండో హోల్లో నూట తొమ్మిదిసార్లు
బంతి అదే పరక మీద పడి
అవే రెండు గెంతులు గెంతి
అదే అంగుళంలో ఆగింది.
"ఇది ఆట కాదు, కుట్టుమిషను" అని రాసింది నాకు.

సరే అనుకున్నాను.
ఒక రాత్రి కోడ్‌లో ఒకే ఒక్క వరస చేర్చాను:
రెండు శాతం.
బంతి నేలను తాకినప్పుడల్లా
ఎక్కడిదో ఒక అంకె, ఎవరూ ఎంచనిది,
దాన్ని కాస్త పక్కకి తోస్తుంది.

తెల్లారేసరికి తిట్లు.
ఓసాకా నుంచి, విన్నిపెగ్ నుంచి,
నా నోరు తిరగని ఊళ్ల నుంచి:
"నా చెయ్యి తప్పలేదు, బంతెందుకు తప్పింది?"
ఈర్యా మాత్రం రెండే ముక్కలు:
"పాచికలు వేస్తున్నారు. చప్పుడు వినిపిస్తోంది."

ఆ మాట ముల్లులా దిగి
శనివారం బస్సెక్కి కిల్‌బ్రెక్ వెళ్లాను.
మేం కొలతలు తీసి, ఫోటోలు తీసి
తెరలోకి ఎక్కించుకున్న అసలు మైదానం.
అక్కడ ఫార్కర్ ముప్ఫై ఎనిమిదేళ్లుగా గడ్డి కోస్తున్నాడు.
ముక్కు చివర నీటిచుక్క,
జేబులో పురికొస, కొరికి వదిలేసిన రొట్టె.

షెడ్డులో ఎరువు బస్తా మీద లాప్‌టాప్ పెట్టి
పదకొండోది చూపించాను.
కళ్లజోడు నుదుటికి తోసి చాలాసేపు చూశాడు.
"బాగుంది. మరీ బాగుంది.
దీన్ని కోసేదెవరు?"

బయటికి తీసుకెళ్లి కొట్టమన్నాడు.
నాకు గోల్ఫ్ రాదు. ఆఫీసులో ఈ సంగతి ఎవరికీ తెలీదు.
ఏ దేవుడు కరుణించాడో
బంతి పడాల్సిన చోటే పడి
ఎడమవైపు ఎవరో పిలిచినట్టు
అటే నడిచి వెళ్లిపోయింది.

"రెండు శాతం" అన్నాను నవ్వుతూ.
ఆయన నవ్వలేదు.
మోకాళ్ల మీద కూలబడి
పాపిడి తీసినట్టు గడ్డిని విడదీశాడు.
"ఇదిగో, మంగళవారం కుందేలు తవ్విన చోటు.
పూడ్చాను. రాత్రి వానకి మళ్లీ కుంగింది.
ఇది వానపాము కక్కిన మట్టి.
ఇది ఒకావిడ మడమ. ఆవేళ మొగుడి మీద కోపంగా ఉంది,
కాలు గట్టిగా నాటింది."
చేతులు దులుపుకున్నాడు.
"అదృష్టం అంటే ఏమనుకున్నావమ్మాయ్?
నువ్వు రాకముందు జరిగిందంతా."

తిరుగు బస్సులో కాళ్లకి బురద.
ఆ రాత్రే రెండు శాతం చెరిపేసి
ఒక కుందేలును రాశాను.
దానికి రంగు లేదు, చెవులు లేవు,
ఎవరి తెర మీదా కనపడదు.
రాత్రిపూట ఒక చోట తవ్వుతుంది, అంతే.
ఎక్కడ తవ్వాలో మాత్రం
ఇప్పటికీ ఆ ఎవరూ ఎంచని అంకే చెబుతుంది.
ఇది ఫార్కర్‌తో అనలేదు.

డిసెంబరులో ఈర్యా ఉత్తరం.
ఔలూలో మధ్యాహ్నం మూడుకే చీకటట.
"పదకొండులో బంతి ఎడమకి పోయింది.
మళ్లీ అక్కడే కొట్టాను, మళ్లీ ఎడమకే.
నాలుగు రోజులకి ఆ వంపు లేదు.
అక్కడ ఎవరో తిరుగుతున్నారు, కదూ?"

జవాబు రాయకుండా
తెరను దగ్గరికి లాక్కుని
ఆ గడ్డిని వేలితో విడదీయబోయాను.
అద్దం చల్లగా తగిలింది.